మూలనున్న సైకిలు

ఏ ఊరనైనను పది యిండ్లు చూచినచో, రెండు మూడిండ్ల వసారాలోనో, మెట్లక్రిందనో, పెరటిగోడ ప్రక్కనో ఒక సైకిలు చేరబడి యుండుట కానవచ్చును. చక్రములలో గాలి యుండదు. గొలుసు తుప్పు పట్టి ఎర్రబారి యుండును. హ్యాండిలు తడిబట్టలు ఆరవేయుటకు పనికివచ్చుచుండును. ఇంటివారు దానిని పాతసామాను కొనువానికి ఇచ్చివేయవలె ననుకొందురు గాని ఇయ్యరు. తండ్రియో తాతయో దానిపై కచ్చేరికో, బడికో, సంతకో పోయిన జ్ఞాపకము వారి చేతిని పట్టి యాపును. అట్టి బండిని మరల బాటమీదికి తెచ్చుట యెట్లు, కొద్దిపాటి వ్యయముతో దానిని వినోదసాధనముగా చేసికొనుట యెట్లు, అది మనలను మోసము చేయకుండ కాపాడుకొనుట యెట్లు అను మూడు విషయములను ఈ ప్రసంగమున వివరింతును.

సైకిలు సవారి ఏల అని మొదట ప్రశ్న పుట్టును. మోటారు సైకిలు ఇంట నుండగా కాళ్ళు నొప్పి పెట్టుకొనుట యెందులకని యౌవనులే అడుగుదురు. దీనికి సమాధానము శరీరధర్మములోనే కలదు. పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూత్రములు చెప్పుచున్నవి. అనగా దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు. ఈ శ్రమను మోకాళ్ళపై శరీరభారము పడకుండ చేయించు సాధనములలో సైకిలు ముఖ్యమైనది. సమతలమున సైకిలుపై పోవువాడు, అంతే దూరము నడచువానికి పట్టు శక్తిలో ఇంచుమించు అయిదవవంతు మాత్రమే వినియోగించును. కావున మనకు బలము తక్కువైనను అది మనలను దూరము కొనిపోవును. నడకకు నాలుగు వీధులు చాలును. సైకిలునకు నాలుగూళ్ళు కావలెను. అందలి వేడుక యంతయు అక్కడనే యున్నది.

ఈ యంత్రము ఒక్కనాడు పుట్టినది కాదు. 1817లో జర్మనీ దేశమున కార్ల్ ఫాన్ డ్రైస్ అను నాతడు రెండు కొయ్యచక్రములను ఒకదాని వెనుక నొకటి అమర్చి, నడుమ కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుచు పోవు బండిని చేసెను. 1860 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సున ముందు చక్రమునకు పెడళ్ళు అమర్చిరి. పెడలు ఒకమారు తిరిగిన చక్రమును ఒకమారే తిరుగును గనుక, వేగము కావలసినచో చక్రమును పెద్దది చేయవలసి వచ్చెను. అట్లు ముందు చక్రము మనిషి ఛాతీయెత్తు పెరిగెను. పడినచో తలక్రిందుగా పడుటయే. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రములను ఇంచుమించు సమానము చేసి, గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు రోవర్ సైకిలును నిర్మించెను. నేటి మన బండి రూపము అదియే. 1888లో బెల్ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్లప్ తన కుమారుని మూడు చక్రముల బండికై గాలి నింపిన టైరును చేసి పేటెంటు పొందెను. అంతటితో ఎముకలు కదలించు వాహనము సుఖవాహనమయ్యెను.

మన దేశమున స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే ఈ పరిశ్రమ వేళ్ళూనినది. 1949లో మద్రాసున టి.ఐ. సైకిల్స్, 1951లో సోనిపట్టున అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు వెలసినవి. వీనిలో అట్లాస్ సంస్థ 2020లో తన చివరి కర్మాగారమున ఉత్పత్తి నిలిపివేసినది; లూధియానా మాత్రము నేటికిని దేశపు సైకిళ్ళకు పెద్ద కేంద్రము. ఈ చరిత్రలో మనకు కావలసిన యొక సంగతి కలదు. పెద్ద నల్లసైకిళ్ళన్నియు ఇంచుమించు ఒకే నమూనా ననుసరించి తయారైనవి. అందుచే ఒక కంపెనీ బండికి మరియొక కంపెనీ భాగము చాలవరకు సరిపోవును. ఇరువది యేండ్లు మూలబడిన బండికైనను టైరు, గొలుసు, బ్రేకు రబ్బరు చిన్న పట్టణపు సైకిలు షాపులో దొరకుటకు కారణమిదియే. క్రొత్త బండ్లకు పలుచని టైరులు, అనేకములైన గేరులు, నూనెతో పనిచేయు బ్రేకులు రావచ్చును. అవి మంచివే. గాని వినోదమునకు అవియే ఆధారము కావు.

వేడుకకు వ్యయమెంత అను దానిని గూర్చి నిష్కర్షగా చెప్పవలెను. చేతిలో నున్న సొమ్మును ఈ క్రమమున వెచ్చింపుడు. మొదట మంచి టైరులు, ట్యూబులు. రెండవది బ్రేకు రబ్బరులు. మూడవది ముందు తెల్లని దీపము, వెనుక ఎర్రని దీపము. నాలుగవది తలకు సరిపడు హెల్మెట్టు. అయిదవది గాలిపంపు, పంక్చరు సామాను. ఇవన్నియు సమకూరిన పిదప మిగిలినచో దుస్తుల విషయము ఆలోచింపవచ్చును. ప్రత్యేకమైన చొక్కాలు, బూట్లు లేనిదే సవారి సాగదనుట అంగడివాని మాట. సామాన్యమైన నూలుచొక్కా, పంట్లాము గొలుసులో చిక్కకుండ కాలికి చుట్టుటకు ఒక పట్టీ, మంచినీటి సీసా, వీనితో ముప్పది కిలోమీటర్లు హాయిగా పోయిరావచ్చును.

పాతబండిని కొనదలచినవారు రంగు చూచి మోసపోరాదు. హ్యాండిలు క్రిందనున్న ఫ్రేము గొట్టములు కలియు చోట రంగు పగిలినదేమో, ముడతపడినదేమో వ్రేలితో తడవి చూడవలెను. అచట ముడత యున్నచో ఆ బండి ఎదుటి దానిని ఢీకొన్నదని అర్థము; ఎంత చవకైనను విడిచిపెట్టుడు. చక్రములను పైకెత్తి త్రిప్పినచో అటునిటు ఊగక తిరుగవలెను. పెడలును చేతబట్టి ప్రక్కకు కదలించినచో ఇరుసు కదలరాదు. త్రొక్కునపుడు ప్రతి చుట్టునకు ఒకమారు ‘టక్కు’ మను ధ్వని వచ్చినచో, పెడలు కమ్మిని ఇరుసునకు బిగించు కాటరు పిన్ను వదులైనదని గ్రహింపవలెను. ఇది స్వల్పదోషము, కొలది వ్యయముతో తీరును. ఫ్రేము దోషము తీరదు.

బండి మనిషికి తగినదై యుండవలెను. మోకాలినొప్పి వచ్చుచున్నదని సవారి మానుకొన్నవారిలో చాలమంది సీటు మరీ క్రిందుగా నుంచుకొన్నవారే. సరియైన ఎత్తును తెలిసికొనుటకు సులభమైన ఉపాయము కలదు. గోడ నాధారము చేసికొని సీటుపై కూర్చుండి, పెడలును అడుగుకు త్రిప్పి, మడమను దానిపై నుంచుడు. కాలు తిన్నగా చాచుకొనవలెను. తరువాత పాదపు ముందుభాగముతో త్రొక్కినచో మోకాలు కొంచెముగా వంగి యుండును. అదియే సరియైన ఎత్తు. సీటు కమ్మిని పైకి లాగునపుడు కనీసము రెండున్నర అంగుళములు ఫ్రేములోపల మిగులునట్లు చూడవలెను. లేనిచో కమ్మి వంగును, లేక ఫ్రేము పగులును.

కొందరు గేరులు లేని బండి ఎదురుగాలిలో కదలదని వాపోవుదురు. ఇందలి లెక్క చిన్నది. ముందు పళ్ళచక్రమున 44 పండ్లు, వెనుక ఫ్రీవీలున 18 పండ్లు ఉన్నవనుకొందము. పెడలు ఒకమారు తిరిగినచో వెనుక చక్రము ఇంచుమించు రెండున్నరమార్లు తిరుగును. 28 అంగుళముల చక్రమైనచో బండి సుమారు 18 అడుగులు ముందునకు పోవును. ఫ్రీవీలును మార్చి 22 పండ్లు గలదానిని వేసినచో ఒక చుట్టునకు సుమారు 15 అడుగులే పోవును. వేగము తగ్గును గాని కాలికి భారమును అంతే తగ్గును. వయసు మీరినవారికి, మిట్టపల్లములుగల ఊళ్ళవారికి ఈ చిన్నమార్పు క్రొత్తబండి కొన్నంత మేలు చేయును. వేగము పెరిగినకొలది మన శ్రమలో ఎక్కువభాగము గాలిని చీల్చుటకే పోవును. కనుక ఎదురుగాలిలో పంతము పట్టక, మెల్లగా, సమముగా త్రొక్కుట వివేకము.

ఇక సంరక్షణ సంగతి. ఇందు ప్రాణముతో కూడిన విషయము బ్రేకులు. కాలువగట్టు దిగునపుడో, వంతెన వాలున పోవునపుడో అడ్డముగా ఒక పసిబిడ్డ పరుగెత్తి వచ్చినచో, మనకును ఆ బిడ్డకును నడుమ నున్నది రెండంగుళముల రబ్బరు ముక్క మాత్రమే. బ్రేకు రబ్బరు అరిగి లోహము బయటపడకముందే మార్చుడు. రబ్బరును పట్టియుంచు ఇనుపగూటికి ఒక వైపు మూసి, ఒక వైపు తెరచి యున్నచో, మూసిన వైపు చక్రము తిరుగు దిక్కునకు ఉండవలెను. తారుమారు చేసినచో బ్రేకు పట్టిన వెంటనే చక్రము రబ్బరును బయటికి లాగివేయును. ఇట్టి పొరపాటు బండిని విప్పి బిగించునపుడు తరచు జరుగుచుండును. బ్రేకు పట్టునపుడు శరీరభారము ముందునకు ఒరగును. కాబట్టి ముందు బ్రేకునకే ఆపు శక్తి ఎక్కువ. కాని దానిని ఒక్కసారిగా బిగించినచో వెనుక చక్రము లేచి మనిషి బోర్లపడును. రెండింటిని కలిపి, వెనుకది కొంచెము ముందుగా, ముందుది క్రమక్రమముగా నొక్కవలెను.

వానలో ఉక్కు రిమ్ములపై రబ్బరు జారును. బండి ఆగుటకు పట్టు దూరము ఎన్నో రెట్లు పెరుగును. అందుచే వానలో సగము వేగముతో పోవలెను. ఆగవలసిన చోటు దూరముగా నుండగనే బ్రేకును తేలికగా ఆనించినచో రిమ్ముపై నీరు తుడుచుకొనిపోవును. రిమ్మునకు గాని, బ్రేకు రబ్బరునకు గాని నూనె తగులనీయరాదు.

తరువాతిది గాలి. గాలి తక్కువైన టైరు త్రొక్కువానిని అలయించును. గుంతలో పడినపుడు రిమ్మునకును రాతికిని నడుమ ట్యూబు నలిగి చీలును. టైరు ప్రక్కన ఎంత గాలి నింపవలెనో ముద్రించి యుండును. కొలమానము లేనివారు బొటనవ్రేలితో గట్టిగా నొక్కి చూడవలెను. టైరు కొంచెమే లోనికి పోవలెను. ట్యూబు రబ్బరు గుండ గాలి దినదినము కొంత తప్పించుకొనుచునే యుండును. కావున వారమున కొకమారు నింపుట పద్ధతి. తరచు గాలి దిగిపోవుచున్నను పంక్చరు కానరానిచో, వాల్వు మూతిపై ఒక చుక్క నీరుంచి చూడుడు. బుడగ వచ్చినచో లోపలి చిన్న రబ్బరు గొట్టము పాడైనదన్న మాట. దానిని మార్చుటకు రెండు నిమిషములు చాలును.

మన ప్రాంతపు బాటలలో టైరునకు పరమశత్రువులు తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు. పంక్చరు వేయుట ప్రతి ఇంటివారును నేర్వదగిన విద్య. టైరు నొక ప్రక్క రిమ్ము నుండి తప్పించి ట్యూబును వెలికి దీయుడు. కొద్దిగా గాలి నింపి నీళ్ళ పళ్ళెములో ముంచినచో బుడగలు వచ్చు చోటు తెలియును. ఆ చోటును తుడిచి ఆరబెట్టి, ఉప్పుకాగితముతో గరుకు చేయవలెను. పాత ట్యూబు నుండి గుండ్రముగా కత్తిరించిన ముక్కను గూడ అట్లే గరుకు చేయుడు. ముక్కకు మూలలున్నచో అవి ముందుగా లేచును. రెండింటికిని పలుచగా సొల్యూషను పూసి, తడి పోయి జిగురు మాత్రము మిగులువరకు ఓపిక పట్టవలెను. తొందరపడి అంటించుటయే అతుకు ఊడుటకు ముఖ్యకారణము. పిమ్మట అంటించి గట్టిగా అదుముడు. అన్నిటికంటె ముఖ్యమైనది చివరిపని. టైరు లోపలి ప్రక్కను గుడ్డతో నిదానముగా తడుము కొనుచు రావలెను. గుచ్చుకొన్న ముల్లు అచటనే యుండును. దానిని తీయక బిగించినవాడు అర కిలోమీటరు పోకముందే మరల దిగును. వేసవిలో బండిని నడియెండలో నుంచినచో అతుకులు వదలును గావున నీడను వెదకి నిలుపుడు.

కందెన లేని ఎద్దుబండి ఎట్లు కిఱ్ఱుమనునో నూనె లేని గొలుసును అట్లే మొరపెట్టును. చాలమంది ఇంటనున్న కొబ్బరినూనె పోయుదురు. అది చలికాలపు ఉదయములందు పేరుకొని, దుమ్మును పట్టి ముద్దగట్టును. కుట్టుమిషను నూనె మరీ పలుచనిది. ఒక వానకే కొట్టుకొనిపోవును. మోటారు బండ్లకు వాడు క్రొత్త ఇంజనునూనె కొలదిగా నున్నను చాలును. మొదట డీజిలులో తడిపిన గుడ్డతో గొలుసును తుడిచి, పెడలును వెనుకకు త్రిప్పుచు ఒక్కొక్క కీలునకు ఒక్కొక్క చుక్క వేయుడు. పది చుట్లు త్రిప్పి, పైకి కనబడు నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తుడిచివేయవలెను. నూనె పనిచేయునది కీలు లోపల. పైన నున్నది దుమ్మునకు ఆహ్వానము.

గొలుసు ఎప్పుడు మార్చవలెనో కొలబద్దతో తెలిసికొనవచ్చును. క్రొత్త గొలుసున 24 కీళ్ళ పొడవు సరిగా 12 అంగుళములు. అరిగినకొలది అది సాగును. అంగుళములో పదునారవవంతు పెరిగినచో గొలుసు మార్చవలెను. ఎనిమిదవవంతు పెరుగువరకు ఉపేక్షించినచో పళ్ళచక్రములును అరిగి, వానిని గూడ కొనవలసి వచ్చును. వెనుక చక్రము బిగించునపుడు గొలుసు నడిమిభాగము అరంగుళము క్రిందుమీదుగా కదలునట్లు చూచుకొనుడు. ఇంకొక సంగతి. కుడి పెడలు మర మామూలు మర. ఎడమ పెడలు మర దానికి విరుద్ధముగా తిరుగును. ఇది తెలియక పానాతో ఎడమ పెడలును బలముగా త్రిప్పి మర చెడగొట్టుకొనువారు కలరు.

ఏది ఇంట చేసికొనవలెనో, ఏది షాపునకు పంపవలెనో తెలియుటయు విద్యయే. ఇరుసులలో తిరుగు చిన్న ఉక్కు గుండ్లను ఏడాదికొకమారు విప్పి, కడిగి, గ్రీజు నింపవలెను. చక్రము వంకర తీయుటకు చువ్వలను ఏమాత్రము బిగింపవలెనో, ఎచట వదలవలెనో చేయి తిరిగినవారికే తెలియును. పాత పద్ధతి బండ్లలో ముందు చక్రమున 32 చువ్వలు, వెనుక 40 చువ్వలు ఉండును. ఒకటి బిగించినచో ప్రక్కవాని పట్టు మారును. ఇట్టి పనులు నమ్మకమైన సైకిలు మేస్త్రీకి అప్పగించి, దగ్గర కూర్చుండి చూడుడు. చెట్టునీడను పానాలు పరచుకొని జీవించు ఆ పనివాడు మన ఊళ్ళలో తగ్గిపోవుచున్నాడు. అతని విద్య అతనితో పోకుండ నిలుచుటకు మార్గము మనము బండిని అతనియొద్దకు కొనిపోవుటయే.

ఈ యంత్రము నేర్పు పాఠములు చిన్నవి కావు. 1903 డిసెంబరు 17వ తేదీన మొదటి విమానమును ఎగురవేసిన రైట్ సోదరులు డేటన్ నగరమున సైకిలు షాపు నడిపినవారే. వారి విమానపు రెక్కమరలను త్రిప్పినది గొలుసులే. మన ప్రక్కనున్న తమిళనాట పుదుక్కోట్టై జిల్లాలో 1990 తరువాత సాగిన అక్షరాస్యతోద్యమమున వేలాది గ్రామీణ స్త్రీలు అక్షరములతో పాటు సైకిలు సవారిని నేర్చిరి. నీళ్ళకును, పనికిని, చదువునకును మరియొకరి వీలు కొరకు కనిపెట్టుకొని యుండు అవస్థ వారికి తగ్గెను. బిహారు ప్రభుత్వము 2006లో ఉన్నతపాఠశాల బాలికలకు సైకిళ్ళిచ్చు పథకము ప్రారంభించినది. దానివలన బడిలో చేరు బాలికల సంఖ్య పెరిగినట్లు పరిశీలకులు తేల్చిరి. మన యిండ్లలో బాలునకు బండి నేర్పి, బాలికకు వలదను పెద్దలు ఈ సంగతిని ఆలోచింపవలెను.

దూరము పోవ నిచ్చగించువారికి నేడు అవకాశములు పెరిగినవి. హైదరాబాదున వెలుపలి వలయరహదారి ప్రక్కన 23 కిలోమీటర్ల పొడవున, సౌరఫలకముల నీడతో, సైకిళ్ళకు ప్రత్యేకమైన బాట 2023లో తెరువబడినది. పందెము లేకుండ, నియమిత కాలములో దీర్ఘదూరము పూర్తిచేయు బ్రివే అను యాత్రలు మన దేశమున జరుగుచున్నవి. వానిలో చిన్నదైన 200 కిలోమీటర్ల యాత్రను 13 గంటల 30 నిమిషములలో ముగింపవలెను. అయితే క్రొత్తగా ఆరంభించువారు మొదటి వారము దినమునకు అయిదు కిలోమీటర్లతో తృప్తిపడవలెను. తెల్లవారుజామున, వాహనములు తక్కువగా నున్నపుడు, బాటకు ఎడమప్రక్కన, దీపము వెలిగించి పోవుడు. మరుసటి దినమున కాళ్ళు నొప్పిలేకున్నచో దూరమును కొంచెము పెంపుడు.

బయలుదేరుటకు ముందు ఒక్క నిమిషము పరీక్ష విడువరాదు. టైరులను నొక్కుడు. రెండు బ్రేకులను పట్టి బండిని ముందునకు త్రోయుడు, కదలరాదు. ముందు చక్రమును నాలుగంగుళములు ఎత్తి విడువుడు. గలగలమని శబ్దము వచ్చినచో ఎచటనో నట్టు వదులైనదన్న మాట. గంట మ్రోగించి చూడుడు. ఆదివారమున పదిహేను నిమిషములు తుడుచుటకును, నూనె వేయుటకును కేటాయింపుడు. ఇంటిలోని పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ పని చేసినచో, బండి బాగుపడుటయే గాక, చేతిలోని వస్తువును చెడకుండ కాపాడుకొను బుద్ధి వారికి అలవడును.